పొంతన కాయితం

ఫ్యాన్ తిరుగుతోంది. కంప్యూటర్ డబ్బా ముందు పచ్చలైటు వెలుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది. నవీన మళ్ళీ ఆపి మళ్ళీ వేసింది. మామూలుగా అయితే స్విచ్చి వేయగానే చిన్న కూత ఒకటి వినిపించి, తెల్ల అక్షరాలు గబగబా కిందికి దిగుతాయి. ఈసారి కూత కూడా లేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పుట్టిన తేదీల చీటీలు చేతుల్లో పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

మాఘమాసం. తిరుపతిలో ఆ నెలలో పెళ్ళిపందిరి లేని వీధి ఉండదు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో మునిచంద్ర నడిపే కంప్యూటర్ జాతక కేంద్రానికి ఊపిరాడని నెల అది. మునిచంద్రకు జ్యోతిషం రాదు. ఆ మాట ఆయనే నవ్వుతూ ఒప్పుకుంటాడు. మొదట జెరాక్సు మిషను పెట్టుకున్నాడు. దాని పక్కన ఎస్టీడీ బూత్ చేరింది. తర్వాత మద్రాసు నుంచి జాతకాలు తీసే ప్రోగ్రాము తెచ్చి కంప్యూటర్లో వేయించాడు. వచ్చినవాళ్ళ పుట్టిన తేదీ, సమయం, ఊరు అక్కడ పనిచేసే నవీన కొడితే కాయితం బయటికి వస్తుంది. ఆయన దాని నాలుగు మూలలా కుంకుమ పెట్టి, ఇత్తడి పళ్ళెంలో ఉంచి, గొంతు సవరించుకుని చదువుతాడు. ఊళ్ళో పంతులుకు ఏదో ఒక పక్షం మీద మొగ్గు ఉండొచ్చు గానీ మిషనుకు ఏముంటుందని పల్లెల నుంచి వచ్చేవాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకం మీదే ఇప్పుడు నవీన పెళ్ళి కూడా ఆగి ఉంది. అబ్బాయి పేరు మోహన. పూతలపట్టు సబ్‌స్టేషన్లో ఆపరేటరు. కార్వేటినగరంలో చుట్టాల పెళ్ళిలో బంతిలో రసం వడ్డిస్తూ ఆమె విస్తరి దగ్గర ఆగి, "ఇది కారంగా ఉండాది, మజ్జిగ తెప్పిస్తా ఉండండి" అన్నాడు. తెచ్చాడు కూడా. ఆ తర్వాత ఆమెకు ఆ మనిషి తప్ప ఇంకెవరూ గుర్తు లేరు. ఇన్ని సంబంధాలు వచ్చి పోయినా కావాలని ఆమె నోరు తెరిచి అన్నది ఇదొక్కటే. నాయన పోయినప్పటి నుంచి ఇంటికి పెద్దగా నిలబడిన మామ గోవిందయ్య ఆ మాట పట్టుకుని పూతలపట్టు వెళ్ళి కదిపి వచ్చాడు. మోహన తల్లి శకుంతలమ్మ ఒకటే షరతు పెట్టింది. తిరుపతి మునిచంద్ర మిషన్లో పొంతన చూపించి కాయితం తేవాలి, అది కుదిరితేనే పిల్లను చూడటానికి వస్తారు. శుక్రవారం లోపల రాకపోతే వేరే సంబంధం మాట్లాడుకుంటారు.

ఆ మిషను ముందు కూర్చునేది ఈ పిల్లేనని మాత్రం గోవిందయ్య అక్కడ చెప్పలేదు. తిరుపతిలో ఆఫీసులో ఉద్యోగం అన్నాడంతే. కాయితం తానే వచ్చి తీసుకుపోతానని, తప్పుడు మాట పడకూడదని, ఆయన జాగ్రత్త ఆయనది.

మునిచంద్ర వచ్చి, బెంచీ మీది జనాన్ని చూసి, నల్లటి తెరను చూసి, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చేశాడు. ఏం చేసినావని అడిగాడు. ఏమీ చేయలేదంది. ఏమీ చేయకుండా బాగున్న మిషను ఎట్లా చస్తుందన్నాడు. నిన్న సాయంత్రం తడిగుడ్డతో బల్ల తుడిచింది చూశానన్నాడు. కరెంటు పోయినప్పుడు సరిగ్గా ఆపకుండా వెళ్ళుంటుందన్నాడు. ఇవన్నీ జనం ముందే అన్నాడు. బెంచీ మీది ఒకావిడ పాపం అన్నట్టు తల ఆడించింది. మిషను మీద పాపమో నవీన మీద పాపమో తెలియలేదు.

చేసిందెవరో నవీనకు తెలుసు. మునిచంద్ర అక్క కొడుకు కిరణ్. చిత్తూరులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చిన కుర్రాడు. నిన్న సాయంత్రం ఏదో పత్రిక ముందు పెట్టుకుని, మిషను మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కి నీలంరంగు పేజీ తెరిచాడు. బాణం గుర్తులతో అంకెలు పైకి జరిపాడు. కొన్నదానికన్నా వేగంగా పరిగెత్తేలా చేస్తున్నానని, కంపెనీవాళ్ళు కావాలనే తక్కువ చేసి అమ్ముతారని చెప్పాడు. ఒకసారి జరిపితే పనిచేసింది. అతని ఆటలో కార్లు ఎగిరిపడుతూ పోయాయి. ఇంకొంచెం అని మళ్ళీ జరిపాడు. తెర ఒక్కసారిగా నల్లబడింది. వేడెక్కిందిలే, పొద్దునకు సరిపోతుందని డబ్బా మీద తట్టి, పొద్దున్నే మొదటి బస్సుకు కాలేజీకి వెళ్ళిపోయాడు.

నవీన ఆ సంగతి చెప్పింది. మెల్లగానే చెప్పింది. మునిచంద్ర ఆమెను ఎగాదిగా చూసి, ఇంజనీరింగు చదివే పిల్లోడికి మిషను పాడుచేయడం ఎందుకన్నాడు. ఎదురుగా లేనివాడి మీద చెప్పడం సుళువేనన్నాడు. ఆమెకు ఒళ్ళంతా మండింది. బెంచీ మీదివాళ్ళ దగ్గర చీటీలు తీసుకుని, రేపు రమ్మని ఒక్కొక్కరికీ చెప్పి పంపింది. బల్ల కింద తన చేతిసంచిలో, ఆమెదీ మోహనదీ పుట్టిన వివరాలున్న చీటీ ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే జయరావు మధ్యాహ్నం వచ్చాడు. డబ్బా పక్కరేకు ఊడదీస్తే లోపల దుమ్ము, దుమ్ములో అగరుబత్తి బూడిద. రోజూ పొద్దున్నే మునిచంద్ర మిషనుకు ధూపం వేస్తాడు. జయరావు నోటితో ఊది, బ్రష్షుతో దులిపి, మెమరీ పలక ఊడబెరికి దాని అంచుల్ని రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. కూత లేదు. తీగలు పీకి పెట్టాడు. లేదు. తన సంచిలోని ఇంకో కరెంటు డబ్బా తగిలించి చూశాడు. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగానే ఉంది. స్విచ్చి వేసిన ప్రతిసారీ నవీన కూత కోసం చెవి ఒగ్గింది. ప్రతిసారీ ఫ్యాన్ చప్పుడే వినిపించింది. చీకటి పడుతుండగా అతను రేకు బిగించకుండానే లేచాడు. బోర్డు పోయి ఉండొచ్చని, మద్రాసు నుంచి తెప్పించాలని అన్నాడు. బోర్డు వచ్చేసరికి మాఘమాసమే అయిపోతుంది.

మర్నాడు అతను ఇంకో మెమరీ పలక తెచ్చి పెట్టి చూస్తున్నప్పుడు, మునిచంద్ర జెరాక్సు దగ్గర ఉన్న సమయం చూసి నవీన అతని పక్కన కూర్చుంది.

"అన్నా, సారుకు చెప్తే నమ్మలేదు. కిరణ్ మొన్న సాయంత్రం దీని వేగం పెంచినాడు. నీలంరంగు పేజీలో అంకెలు జరిపినాడు. అప్పుడే నల్లగయ్యింది."

జయరావు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "ఆ మాట నిన్ననే చెప్పింటే నాకు ఒక దినం మిగిలేది గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. నిన్న సాయంత్రమంతా మునిచంద్ర పక్కనే నిలబడి ఉన్నాడని అతనికీ తెలుసు.

బోర్డు మూలన బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంది. జయరావు దాన్ని గోటితో ఎగదీసి బల్ల మీద పెట్టాడు. కరెంటు లేనప్పుడు కూడా మిషనుకు తన సంగతులన్నీ గుర్తుండేది దానివల్లేనని, కిరణ్ పెట్టిన వేగం కూడా అక్కడే కూర్చుని ఉందని చెప్పాడు. "ఇది కాసేపు బయట ఉంటే సాలు. అంతా మర్సిపోతాది. కొత్తగా పుట్టినట్టు లేస్తాది" అన్నాడు. అంతలో టీ వచ్చింది. అతను తాపీగా తాగాడు. నవీన గ్లాసు చేత్తో పట్టుకుని ఆ బిళ్ళవైపే చూస్తూ కూర్చుంది. అతను బిళ్ళను మళ్ళీ గుచ్చి స్విచ్చి వేశాడు.

కూత వినిపించింది.

తెల్ల అక్షరాలు దిగి, మధ్యలో ఆగి, ముందుకు పోవడానికి ఏదో మీట నొక్కమని అడిగాయి. జయరావు నొక్కాడు. మునిచంద్ర పరుగెత్తుకొచ్చి తెరకు దండం పెట్టాడు. ఏం పోయిందని అడిగితే జయరావు మేనమామకూ మేనల్లుడికీ మధ్యన దూరడం ఎందుకనుకున్నాడో ఏమో, ఏదో సెట్టింగు తప్పిందని తేల్చేశాడు. ఇకనైనా జాగ్రత్తగా ఉండమని మునిచంద్ర నవీనకు చెప్పాడు. ఆమెకు ఆ క్షణంలో ఆ మాట కూడా పట్టలేదు. అంత సంతోషంగా ఉంది.

గోవిందయ్య గురువారం పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నవీన ఇచ్చిన చీటీనే తీసి తెలియనివాడిలా బల్ల మీద పెట్టాడు. నవీన తన పుట్టిన తేదీ కొట్టింది. మోహన పుట్టిన తేదీ కొట్టింది. అవి చీటీ చూడకుండానే ఆమెకు వచ్చు. ప్రింటరు గీరుకుంటూ కాయితాన్ని బయటికి తోసింది. ఆమె చదవలేదు. అలాగే చించి మునిచంద్రకు ఇచ్చింది. ఆయన కుంకుమ పెట్టి చదివాడు. గణం కుదిరింది. రజ్జు కుదిరింది. నాడి కుదిరింది. గోవిందయ్య ముఖం విప్పారుతోంది. ఆఖరి పేరా దగ్గర మునిచంద్ర గొంతు తగ్గించాడు. పిల్లకు శనిదశ చివరలో ఉంది, పిల్లవాడికి గురుదశ చివరలో ఉంది. రెండూ ఇంచుమించు ఒకేసారి మారుతున్నాయి. దశా సంధి. ఆ సంధిలో పెళ్ళి చేయరాదు.

ఈ వైపు జనానికి దశా సంధి అంటే మాటలు కావు. ఇద్దరి దశలూ ఒకేసారి మారితే ఇద్దరిలో ఒకరికి గండమని అరవదేశం నుంచి వచ్చిన పట్టింపు. మిగతావన్నీ కుదిరినా ఇదొక్కటి చాలు. గోవిందయ్య కాయితం మడిచి జేబులో పెట్టుకుని, నవీన వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆమె తర్వాతి చీటీ అందుకుంది. అక్షరాలు కనిపించలేదు. బల్ల కింద కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

శుక్రవారం సాయంత్రం పూతలపట్టు నుంచి వచ్చిన మామ ఇంట్లో గుమ్మం దగ్గరే నిలబడి, శకుంతలమ్మ కాయితం పూర్తిగా వినను కూడా లేదని చెప్పాడు. అమ్మ ఆదిలక్ష్మమ్మ రాత్రి అన్నం వడ్డిస్తూ, మనకు రాసిపెట్టి లేదనుకోమంది. రాసిపెట్టే పని తన కూతురి చేతుల మీదుగానే జరిగిందని ఆమె అనలేదు. నవీనకు మాత్రం ముద్ద ముద్దకూ అదే గుర్తొచ్చింది.

శనివారం పుత్తూరు నుంచి ఒక ముసలాయన చంటి మనవడి జాతకం కోసం వచ్చాడు. కిందటి ఏడు పుట్టిన బిడ్డ. నవీన తేదీ కొట్టింది. మిషను ఒప్పుకోలేదు. పుట్టిన తేదీ ఈరోజు కన్నా తర్వాత ఉంది, సరిచూసుకోండి అంది. ఆమె రెండువేల సంవత్సరం సరిగ్గానే కొట్టింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. ఇంకా పుట్టనే లేదంటోందా మా వోడు అని ముసలాయన నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, తెర కుడివైపు మూలన గడియారం దగ్గర మౌస్ ఆపింది. తేదీ బయటికి వచ్చింది. జనవరి, పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది.

అంతా మర్చిపోతుందని జయరావు చెప్పనే చెప్పాడు. వేగంతోపాటు తేదీ కూడా మర్చిపోయింది. మూడేళ్ళ కిందటి జనవరిలో లేచి కూర్చుని, అదే ఈరోజనుకుని, దశలు లెక్క కడుతోంది. ఆమెకు శనిదశ అయిపోయింది తొంభై ఎనిమిదిలో. మోహనకు గురుదశ అయిపోయింది కూడా అప్పుడే. ఆ సంధి ఎప్పుడో దాటిపోయింది. ఇద్దరూ బతికే ఉన్నారు.

ఆమె తేదీ సరిచేసి, ముసలాయన పని చేసి పంపింది. తర్వాత తనదీ మోహనదీ మళ్ళీ కొట్టింది. ఈసారి నిలబడే చదివింది. సంధి లేదు. వివాహం శుభప్రదం అని ఉంది ఆఖరి వాక్యం. ఆ రెండు మాటల మీదా వేలు పెట్టి చూసుకుంది.

నవీన చూపిస్తే మునిచంద్ర ఆ కాయితం చదివాడు. తెర మూలన గడియారం చూశాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు, ఒక్క నిమిషంలో అర్థమైంది. వెళ్ళి సందులోకి తొంగిచూసి, తలుపు సగం మూసి వచ్చాడు.

"గురువారం నించి ఎంతమందికి ఇచ్చినాము కాయితాలు?"

"చానామందికే సార్."

"వాళ్ళందర్నీ పిలిచి, మా మిషను తప్పు చెప్పిందని చెప్పమంటావా? ఈడ ఎవురైనా మల్లా అడుగు పెడతారా?" ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "తేదీ సూసుకోవాల్సింది నువ్వు. దాని ముందర కూచునేది నువ్వు గదా. ఇది బయటికి పోయిందంటే నీ పని పోతాది, నా అంగడి పోతాది."

గురువారం నుంచి వచ్చినవాళ్ళ ముఖాలు ఆమెకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. సంతోషంగా వెళ్ళినవాళ్ళున్నారు, ముఖం వేలాడేసుకుని వెళ్ళినవాళ్ళున్నారు. ఎవరిది నిజమో ఎవరిది కాదో తెలియదు. ఏ ఊరివాళ్ళో కూడా తెలియదు. తనదొక్కటే తనకు తెలుసు. కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుని, సాయంత్రం పాత బస్టాండు దగ్గర మామ పూల అంగడికి వెళ్ళింది.

గోవిందయ్య కనకాంబరాలు మూర కొలుస్తూ అంతా విన్నాడు. కాయితం కూడా చదివాడు. మేనకోడలి మాట మీద ఆయనకు అనుమానం లేదు. అయినా దండ తుంచి ఆకులో చుడుతూ తల అడ్డంగా ఊపాడు.

"నేను నమ్ముతా తల్లీ. వాళ్ళు ఎట్ల నమ్ముతారు? ఒకసారి వొద్దన్నెంక రెండో కాయితం తీసకపోతే, ఆడపిల్లోళ్ళు మార్సుకోని వొచ్చినారంటారు. మిషన్లో కొట్టేది నువ్వేనని తెలిసిందంటే ఇంగ సెప్పేపనే లేదు."

మిషను తప్పు అని చెప్పడానికి లోకంలో నవీన తప్ప వేరే సాక్షి లేదు, ఆమె సాక్ష్యం చెల్లదు. మోహనకు నేరుగా చెప్తేనో అనుకుంది. బూత్‌లో కూర్చుని పూతలపట్టు సబ్‌స్టేషన్ నంబరు తిప్పింది కూడా. అవతల ఎవరో ఎత్తి హలో అన్నారు. మోహన గొంతు అవునో కాదో తెలియలేదు. రసం గిన్నె పట్టుకుని అన్న ఆ కాసిని మాటలు తప్ప ఆ గొంతు ఆమె విన్నది లేదు. నేను ఫలానా, నా జాతకం మంచిదే అని ఏ ఆడపిల్ల చెప్పుకుంటుంది? సిగ్గుతో, ఏడుపుతో, ఫోను పెట్టేసింది.

మాఘం ఇంకా మిగిలే ఉంది. ఒక మధ్యాహ్నం, బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు, ఒక పెద్దావిడ ఎండలో నడిచి వచ్చి నీళ్ళు అడిగింది. నవీన చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆమె గటగటా తాగి, పమిటతో మూతి తుడుచుకుని, రవికలోంచి చీటీ తీసి ఇచ్చింది. నవీన విప్పింది. పైన మోహన పుట్టిన తేదీ. సమయం. ఊరు పూతలపట్టు. కింద సత్యవేడులో పుట్టిన ఎవరో పిల్లది.

ఆమె చేతులు మీటల మీద ఆగిపోయాయి. గడియారం తెర మూలనే ఉంది. సంవత్సరం మారిస్తే చాలు. ఇంకో పిల్లకు ఇంకో సంధి వస్తుందో రాదో గానీ ఏదో ఒకటి తేడా వస్తుంది. మౌస్ అక్కడిదాకా పోయింది. సత్యవేడు పిల్ల కూడా ఎక్కడో ఈ కాయితం కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. నవీన మౌస్ వెనక్కి తెచ్చి, చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టింది. ప్రింటరు కదిలింది.

శకుంతలమ్మకు ఏమీ తెలియదు. మునిచంద్ర అన్నానికి వెళ్ళాడంటే పరవాలేదని, ఫ్యాను కింద తీరిగ్గా కూర్చుని మాటల్లో పడింది. కొడుకు మంచోడని, ఈ ఎండల్లో తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయని చెప్పింది. నవీన ఒద్దికగా కాయితం అంచులు చించడం చూసి, పెళ్ళయిందా అని అడిగింది. లేదంది నవీన.

"నీమాదిరి పిల్ల మా ఇంట్లో కాలు పెట్టింటే నాకు ఈ తిరుగుళ్ళు తప్పేటివి. నీది ఏం నచ్చత్రం బిడ్డా?"

"ఉత్తరాభాద్ర" అంది నవీన.

"అమ్మా, అదా" అంది శకుంతలమ్మ. "మొన్న ఒక పిల్లది వొచ్చింది, ఉత్తరాభాద్రే. మీ మిషనే వొద్దనింది. ఎవురేమనుకున్నా గానీ, నా కొడుకు తప్పించుకున్నాడు."

నాలుక చివర అత్తా అన్న పిలుపు ఉంది. నవీన దాన్ని మింగి, అమ్మా అంది.

"ఆ పిల్లను నేనేనమ్మా. ఆ పొద్దు మిషన్లో తేదీ తప్పుండింది. మూడేండ్ల కిందటి తేదీ. ఆ కాయితం తప్పుది."

శకుంతలమ్మ నవీన ముఖం చూసింది. మిషను చూసింది. అప్పుడే చేతికి వచ్చిన కాయితం చూసుకుంది. ఆ కళ్ళల్లో ఏదో మెత్తబడుతోందని నవీనకు ఒక్క క్షణం ఆశ కలిగింది.

"అట్లయితే దీంట్లో ఏం మార్సినావు?" అంది శకుంతలమ్మ.

"ఏమీ మార్చలేదమ్మా" అంది నవీన. ఆ మాట తనకే దొంగమాటలా వినిపించింది.

మునిచంద్ర వచ్చేదాకా శకుంతలమ్మ కాయితం ఒళ్ళోనే పెట్టుకుని గుమ్మంవైపు చూస్తూ కూర్చుంది. ఆయన రాగానే విషయం చెప్పింది. మా మిషను ఎప్పుడూ తప్పు చెప్పలేదమ్మా, ఆ పిల్ల బాధలో ఏదో అనింటుందిలే అన్నాడు మునిచంద్ర. నవీన వైపు చూడకుండా అన్నాడు. కావాలంటే నా ఎదురుగానే మళ్ళీ తీయిస్తానన్నాడు. శకుంతలమ్మ వచ్చి నవీన భుజం పక్కన నిలబడింది. తెర చూడలేదు. నవీన వేళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని, ప్రతి అంకె కొట్టినప్పుడూ చీటీతో సరిచూసుకుంది. ప్రింటరు రెండో కాయితాన్ని తోసింది. మునిచంద్ర కుంకుమ పెట్టి, గొంతు సవరించుకుని చదివాడు. గణం, రజ్జు, నాడి, దశ అన్నీ కుదిరాయి.

శకుంతలమ్మ ఆ కాయితాన్ని కళ్ళకద్దుకుని రవికలో దోపుకుంది. మొదటిది బల్ల మీదే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండింటికీ ఒక్క అక్షరం తేడా లేదు.